చేవ్రాలు చేయుటకు ముందు: అమెరికా చదువును గూర్చి

ఎమ్మెస్ చదువునకై అమెరికాకు పోవువారు ఒకప్పుడు పట్టణములలోని ఉద్యోగస్థుల బిడ్డలు. ఇప్పుడు గుంటూరు, ఖమ్మము, కరీంనగరము జిల్లాల సేద్యగాండ్ర బిడ్డలును పోవుచున్నారు. సంతోషింపదగినదే. కాని చదువు పట్టణమున నిశ్చయమగుచున్నది. అప్పు పత్రముపై చేవ్రాలు పల్లెలోని తండ్రియో తాతయో చేయుచున్నాడు. ఆ చేవ్రాలు చేయు పెద్దలతోనే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

అక్కడి కళాశాల విద్యార్థిని చేర్చుకొన నంగీకరించి ‘ఐ–20’ అను పత్రము పంపును. అది లేనిదే విద్యార్థి వీసా దొరకదు. పత్రము రాగానే ఇంటిల్లిపాదియు పండుగ చేసికొందురు. పత్రము నిజమైనదే కావచ్చును. చదువు మాత్రము బూటకము కావచ్చును. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీకి అట్టి పత్రములిచ్చుటకు ప్రభుత్వానుమతి యుండెను. 2011 జనవరిలో అధికారులు దానిని సోదా చేసి మూయించిరి. అందు చేరినవారిలో అత్యధికులు భారతీయులు, వారిలోను పెక్కురు ఆంధ్రప్రదేశమువారు. ఎక్కడికి పోవుచున్నది కనిపెట్టుటకై కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిరి. దానిని నడపినామెకు 2014లో పదునారేండ్లకు పైగా శిక్ష పడినది. పోయిన కాలము పిల్లలకు తిరిగి రాలేదు. ఇట్టి మోసములను పట్టుటకై అధికారులే మిచిగన్‌లో ఫార్మింగ్టన్ అను ఉత్తుత్తి విశ్వవిద్యాలయమును పెట్టి, 2019లో వల బిగించినప్పుడును చిక్కినవారిలో మన పిల్లలు చాలమంది.

కావున పత్రమును గాక పాఠమును విచారింపుడు. తరగతులు వారమున ఎన్ని దినములు జరుగును? గుర్తింపు నిచ్చిన సంఘమేది? అక్కడ గుర్తింపు నిచ్చునది ప్రభుత్వము కాదు, అందులకై యేర్పడిన సంఘములు. అక్కడనే చదివి వచ్చినవా డొక్కడైనను మాటలాడుటకు దొరకునా? ‘తరగతికి పోనక్కరలేదు, ఉద్యోగము చేసికొనవచ్చును’ అని ఏజెంటు చెప్పినచో అక్కడితో లేచి రండు. పిల్లకు సంబంధము చూచునప్పుడు మూడూళ్లు తిరిగి విచారించు మనము, కళాశాల విషయమున ఏజెంటు మాటతోనే తృప్తి పడుచున్నామేమో!

ఇక డబ్బు. ఐ–20లో వ్రాసిన ఖర్చు సాధారణముగా ఒక విద్యా సంవత్సరమునకే. చదువు ఇంచుమించు రెండేండ్లు. ఈ సంగతి చాల ఇండ్లలో రెండవ యేట తెలియును. బ్యాంకుల మాదిరి పథకము ప్రకారము ఏడున్నర లక్షలు దాటిన విద్యాఋణమునకు ఆస్తి హామీ కావలెను. విదేశవిద్యకు ఖర్చులో నూటికి 15 వంతులు మనమే భరింపవలెను. చదువు ముగిసిన యేడాదికి గాని వాయిదాలు మొదలు కావు. అయితే ఒక చిక్కు కలదు. బాకీ పడినవారి ఆస్తిని కోర్టుకు పోకయే అమ్ముకొనుటకు బ్యాంకులకు అధికార మిచ్చిన 2002 నాటి చట్టము సాగుభూమికి వర్తింపదు. అందుచే పెక్కు బ్యాంకులు పొలమును హామీగా నొల్లక, ఇల్లో స్థలమో అడుగును. పొలము తప్ప వేరేమియు లేనివాడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కును.

అచ్చటి లెక్క చూడుడు. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఇరువది లక్షలకు నెలవడ్డీ 40,000 రూపాయలు. రెండేండ్లకు 9 లక్షల 60 వేలు. అసలులో ఒక్క రూపాయయు తీరదు. ఈ వడ్డీ పిల్లవాని చదువు ముగియువరకు ఆగదు. ఏ పంట ఈ భారమును మోయగలదో మీకే తెలియును.

‘అక్కడ పని చేసికొని తీర్చెదను’ అని పిల్లవాడనును. చదువు సాగు కాలమున వారమునకు 20 గంటలు మాత్రమే, అదియు కళాశాల ఆవరణలోనే పని చేయుట చట్టసమ్మతము. అట్టి పని అందరికిని దొరకదు. బయట అంగళ్లలో చాటుగా చేయువాడు పట్టుబడినచో చదువును, వీసాయు రెండును పోవును. చదువు ముగిసిన పిమ్మట 12 నెలలు ఉద్యోగమున శిక్షణ పొందు వీలు కలదు. శాస్త్ర, సాంకేతిక శాఖలవారికి మరి 24 నెలల పొడిగింపు 2016 నిబంధనలచే వచ్చినది. అది అవకాశమే కాని ఉద్యోగము కాదు. అప్పు లెక్కలో దానిని జమ కట్టకుడు.

ప్రవేశము ఆగస్టులో కోరువారు ఇంచుమించు యేడాది ముందే పని మొదలిడవలెను. ఏజెంటును నమ్ముటకు ముందు, అమెరికా ప్రభుత్వము వెనుకనున్న ‘ఎడ్యుకేషన్ యూఎస్ఏ’ సలహా కేంద్రమును హైదరాబాదులో అడుగవచ్చును. పిమ్మట పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఐ–20లోని ఖర్చు వరుసలను తెలుగున చదివించి, వాని చేతనే రెండేండ్లకు కూడిక వేయింపుడు.