విమానయానంలో పసిపిల్లలు – చెవిపోటు, ఏడుపు, తల్లి ధైర్యం

కొన్నేళ్ల క్రిందట మా అమ్మాయి ఎనిమిది నెలల బిడ్డతో దుబాయికి ప్రయాణమైనది. అల్లుని ఉద్యోగం అక్కడనే. బయలుదేరు ముందు ఆమె, “నాన్నా, విమానంలో పాప ఏడిస్తే ఏం చేయాలి?” అని అడిగినది. నలభై ఏళ్లుగా ఇచ్చోడలో నాడి పట్టుచున్నవాడను గదా యను ధీమాతో, “విమానం లేచునప్పుడు పాలిచ్చి నిద్రపుచ్చుము, దిగువరకు లేపవద్దు” అని చెప్పినాను. నా సలహా తప్పు. పాప మూడు గంటలు హాయిగా నిద్రించి, విమానం క్రిందికి దిగుచుండగా కేకలు పెట్టుచు లేచినది. అరగంట సేపు ఆగలేదు. చుట్టుప్రక్కలవారి చూపులకు తల్లి కూడ కంటనీరు పెట్టుకొన్నది. “ఇక పాపతో విమానం ఎక్కను” అని ఆ రాత్రి ఫోనులో చెప్పినది.

తరువాత నేను ఈ విషయమును శ్రద్ధగా చదివినాను. మన జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ ప్రాంతాల నుండి గల్ఫు దేశాలకు, అమెరికాకు చంటిబిడ్డలతో పోవు ఆడపడుచులు వేలమంది ఉన్నారు గనుక తెలిసినది వ్రాయుచున్నాను.

విమానం పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరినను లోపలి గాలి పీడనమును 1,800 నుండి 2,400 మీటర్ల కొండమీద ఉండునంతగా నిలుపుదురు. మన ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. అనగా ఇరవై, ముప్పై నిమిషాలలో బిడ్డను ఊటీ శిఖరమునకు ఎక్కించి, మరల అంతే సమయంలో దింపినట్లు. మధ్యచెవి నుండి గొంతు వెనుకకు ఒక సన్నని నాళం కలదు. విమానం పైకి పోవునప్పుడు చెవిలోని గాలి ఈ నాళం గుండా సులభంగా వెలుపలికి పోవును. దిగునప్పుడు గాలి లోనికి రావలెనన్న, మ్రింగుట, ఆవులించుట వంటి క్రియలచే నాళం తెరుచుకొనవలెను. పెద్దలలో ఈ నాళం వాలుగా ఉండును. పసిపిల్లలలో అది పొట్టిగా, సన్నగా, దాదాపు అడ్డంగా ఉండుటచే త్వరగా మూసుకొనును. నిద్రించు బిడ్డ తక్కువగా మ్రింగును గనుక చెవిలోని పొర లోనికి లాగబడి పోటు పుట్టును. నేను నిద్రపుచ్చమన్నది సరిగా ఈ సమయంలోనే.

కావున విమానం దిగుట మొదలైనట్లు ప్రకటించగానే బిడ్డను మెల్లగా లేపి చనుబాలు ఇవ్వవలెను. నేలను తాకువరకు పాలు మిగులునట్లు కొంచెము కొంచెముగా ఇచ్చుట మంచిది. సీసాపాలు త్రాగు బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టి త్రాగించవలెను. నాలుగైదేళ్లు దాటిన పిల్లకు చప్పరించు బిళ్ల చాలును. అంతకు చిన్నవారికి బిళ్లలు, పల్లీలు, పుట్నాలు, మక్కపేలాలు ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడు ప్రమాదం కలదు.

ఇక ఏడుపు సంగతి. చరక సంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం సహజ వేగములను ఆపరాదని బోధించును. అచట లెక్కించిన పదమూడు వేగములలో ఆవులింత, కన్నీరు కూడ ఉన్నవి. గురుకులంలో ఈ అధ్యాయమును వల్లె వేసినప్పుడు కన్నీటికి ఇంత గౌరవమెందుకో నాకు బోధపడలేదు. బిడ్డ ఏడ్చునప్పుడు నోరు తెరచి, గుటకలు మ్రింగును, చెవినాళం తెరుచుకొనును. ఏడుపు అచట రోగము కాదు, ఒక విధంగా చికిత్సయే. ప్రక్కవారికి ఇబ్బంది యని బిడ్డ నోరు మూయుట, గద్దించుట తగదు. “చెవి నొప్పి, కాసేపటిలో తగ్గును” అని ప్రక్కవారితో ముందే ఒక మాట చెప్పిన చాలును. తల్లి శ్వాస హెచ్చిన ఒడిలోని బిడ్డకు ఆ కలత తెలియును. తాను నెమ్మదిగా ఊపిరి విడుచుచు బిడ్డ వీపు నిమిరిన, సగం పని అయినట్లే.

నిద్ర కొరకు జాజికాయ అరగదీసి నాకించు అలవాటు మన ఇండ్లలో కలదు. ప్రయాణంలో అది వద్దు. మాత్ర ఎంతో తెలియని మత్తు పసివానికి అపాయకరం, చెవికి చెరుపు. నిద్రమందులను కూడ వైద్యుని అనుమతి లేక ఇవ్వరాదు. ఏడాది లోపు బిడ్డకు తేనె పనికిరాదు. అందుండగల సూక్ష్మజీవుల వలన పసివారికి పక్షవాతము వంటి జబ్బు కలుగవచ్చును. పడిశమునకు ముక్కు దగ్గర కర్పూరం పెట్టుట, కర్పూరమున్న లేపనాలు పూయుట రెండేళ్లలోపు పిల్లలకు కూడదు. కడుపులోనికి పోయిన మూర్ఛలు వచ్చును. చెవిలో వెల్లుల్లి నూనె పోయుట కూడ మానవలెను. చెవి కారుచున్నను, పడిశం, జ్వరం గట్టిగా ఉన్నను వైద్యునికి చూపి, అవసరమైన ప్రయాణమును నాలుగు దినములు వాయిదా వేయుట మేలు.

మరియొక ముఖ్య విషయం. అమ్మమ్మలు ప్రేమతో కట్టియిచ్చు మూటలలో గసగసాలు ఉండరాదు. మనకు మసాలా దినుసైనను, ఎమిరేట్స్ సహా కొన్ని గల్ఫు దేశాలలో అవి మాదకద్రవ్య చట్టం క్రింద నిషిద్ధం, జైలుపాలు కావలసివచ్చును. ఎండుకొబ్బరి, కర్పూరం సులభంగా అంటుకొను స్వభావం గలవని విమాన నియమాలు వాటిని ప్రమాదకర వస్తువులుగా లెక్కించుచున్నవి. విదేశీ ప్రయాణంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపు సీసాలను రానీయరు. బిడ్డకు ప్రయాణమునకు తగినన్ని పాలకు, ఆహారమునకు మాత్రం మినహాయింపు కలదు.

మన ప్రాంతం వారికి విమానం కంటె ముందున్న రోడ్డు ప్రయాణమే పెద్ద పరీక్ష. ఇచ్చోడ నుండి నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి మీదుగా శంషాబాదు చేరుటకు దాదాపు 300 కిలోమీటర్లు. విదేశీ విమానమునకు మూడు గంటల ముందే పోవలెను గనుక, విమానం ఎక్కక మునుపే బిడ్డకు నిద్ర చెడి, ఆకలి తప్పి ఉండును. వాతము రూక్షము, శీతము, చలము. ప్రయాణం చలనమును, విమానంలోని గాలి రూక్షతను, చలువను పెంచును. అచట తేమ సాధారణంగా ఇరవై శాతం కంటె తక్కువ. అందుచే ముందురోజు నువ్వుల నూనెతో మర్దన, గోరువెచ్చని స్నానం నా ఆచారం. వీలైనవారు ముందురోజే హైదరాబాదు చేరి బంధువుల యింట నిద్రించవలెను. ఆరు నెలల లోపు బిడ్డకు చనుబాలే నీరు. పెద్దపిల్లలకు మాటిమాటికి గుక్కెడు నీరు. పైకి పోయినకొలది ప్రేగులలోని గాలి కూడ నాలుగోవంతుకు పైగా వ్యాకోచించును గనుక బిడ్డకు పొట్ట బిగుసుకొన్నట్లుండును. తొట్టి ఊపినట్లు భుజాన వేసుకొని తిప్పుటయే దానికి మందు. రెండు జతల బట్టలు, పలుచని శాలువ, బిడ్డ ఎరిగిన ఒక బొమ్మ చేతిసంచిలో ఉండవలెను. తల్లికి కూడ ఒక జత బట్టలు పెట్టుకొనుమని చెప్పుట నేను మరచుచుందును. మా ఇల్లాలు గుర్తుచేసినది.

మూడు నెలల తరువాత మా అమ్మాయి తిరిగి వచ్చినది. ఈసారి దిగుట మొదలుకాగానే పాపను లేపి పాలిచ్చినదట. పాప కొంచెం చిరాకుపడి ఊరకున్నది. ప్రక్క సీటులో పడిశంతో ఉన్న జగిత్యాల వైపు యువకుడు మాత్రం రెండు చెవులు పట్టుకొని విలవిలలాడుచుండగా, మా అమ్మాయి తన సంచిలోని చప్పరించు బిళ్ల ఒకటి ఆయనకు ఇచ్చినదట.