ఎక్కించమంటే దించేస్తుంది: ఫర్మ్‌వేర్ కమాండ్లలో ఒక్క అక్షరం ఎంత పని చేస్తుంది?

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌కు ఆనుకునే టెల్కో కాలనీ, దాని పక్కనే టాటా మోటార్స్ లారీల ఫ్యాక్టరీ ఉంటాయి. 1945లో టెల్కో పేరుతో మొదలైన ఈ సంస్థ 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి లారీల తయారీలోకి దిగింది. లారీల మధ్య పెరిగినవాళ్లకు రెండు మాటల అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటి సరుకు ఎక్కించడం, రెండోది సరుకు దించడం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పనుల కోసం వచ్చి ఇక్కడే తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇవే మాటలు.

ఇప్పుడు లారీకి ఎక్కించే సరుకులో సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిల్ బండిలో ఇంధనం ఎంత వెళ్లాలి, పొగ ఎలా శుద్ధి కావాలి అన్న లెక్కలు చూసేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. దాని లోపల స్థిరంగా ఉండే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. పాతది చెరిపి కొత్తది రాయడాన్ని ఫ్లాషింగ్ అంటారు. లారీ ఈసీయూ కావచ్చు, ఇంజినీరింగ్ విద్యార్థి చేతిలోని ఆర్డ్యునో బోర్డు కావచ్చు, జరిగేది ఒకటే. ఒక కంప్యూటర్ నుంచి ఒక చిప్‌లోకి ఫైలు వెళ్తుంది.

మరి ఆ వెళ్లడాన్ని ఏమనాలి? డౌన్‌లోడా, అప్‌లోడా?

వాహనాల డయాగ్నస్టిక్స్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 14229 ప్రకారం టెస్టర్ యంత్రం నుంచి ఈసీయూలోకి ఫర్మ్‌వేర్ పంపడం డౌన్‌లోడ్. ఈసీయూ నుంచి బయటకు తీయడం అప్‌లోడ్. ఫోన్‌లో పాట డౌన్‌లోడ్ చేసుకునే అలవాటున్నవారికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కానీ ప్రమాణం రాసినవారి దృష్టిలో పెద్ద కంప్యూటర్ పైన ఉంది, చిన్న పరికరం కింద ఉంది. పై నుంచి కిందికి పోయేది డౌన్‌లోడ్. యూఎస్‌బీ పరికరాల ఫర్మ్‌వేర్ మార్చడానికి ఉన్న డీఎఫ్‌యూ ప్రమాణమూ ఇదే పద్ధతి పాటిస్తుంది. ఆర్డ్యునో ఐడీఈలో మాత్రం బోర్డులోకి ప్రోగ్రామ్ పంపే బటన్ పేరు అప్‌లోడ్.

ఒకే పనికి రెండు ఎదురెదురు పేర్లు. మెనూల్లో, బటన్లలో ఉన్నంతవరకు ఇది చిరాకు మాత్రమే. కమాండ్ లైన్‌కు వచ్చేసరికి ఆ పేర్లు ఒక్కో అక్షరానికి కుదించుకుపోతాయి. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

యు అంటే ఏ వైపు?

కమాండ్ లైన్ అంటే బటన్లు నొక్కకుండా, చేయాల్సిన పనిని ఒక వరుసలో టైప్ చేసి కంప్యూటర్‌కు చెప్పడం. ఫ్లాషింగ్‌లో ఇది ఇప్పటికీ చలామణీలో ఉండటానికి కారణం పాతకాలపు మోజు కాదు. ఒకసారి సరిగ్గా రాసిన వరుసను స్క్రిప్టులో పెడితే వెయ్యి బోర్డుల మీద అదే పని తేడా లేకుండా జరుగుతుంది. తప్పు రాస్తే ఆ తప్పు కూడా వెయ్యిసార్లు జరుగుతుంది.

యూఎస్‌బీ ద్వారా ఫ్లాష్ చేసే డీఎఫ్‌యూ-యుటిల్ అనే టూల్‌లో పెద్ద అక్షరం డి రాస్తే ఫైలు పరికరంలోకి వెళ్తుంది. పెద్ద యు రాస్తే పరికరంలోది ఫైల్లోకి వస్తుంది. ఏవీఆర్ చిప్‌ల కోసం వాడే ఏవీఆర్‌డ్యూడ్‌లో పెద్ద యు తర్వాత ఫైలు పేరు ఒక్కటే ఇస్తే అది చిప్‌లోకి రాసేస్తుంది. అందులో పెద్ద డికి ఫైలు పంపడంతో సంబంధమే లేదు. రాసే ముందు చిప్‌ను ఆటోమేటిక్‌గా చెరపొద్దు అని దాని అర్థం. రెండు టూల్స్‌నూ ఒకే బల్ల మీద వాడే మనిషి చేతివేళ్లకు ఇవన్నీ ఎలా గుర్తుండాలి?

ఇంకో అక్షరం డబ్ల్యూ. కంప్యూటర్ బయోస్ చిప్‌లను రాసే ఫ్లాష్‌రోమ్‌లో చిన్న డబ్ల్యూ అంటే రాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు వాడే ఫాస్ట్‌బూట్‌లో చిన్న డబ్ల్యూ అంటే యూజర్ డేటా మొత్తం తుడిచెయ్యి. గూగుల్ తన ఫోన్లకు ఇచ్చే ఫ్యాక్టరీ ఇమేజ్‌ల స్క్రిప్టులో ఈ అక్షరం ముందే ఉంటుంది. ఫోన్‌లోని ఫొటోలు మిగలాలంటే స్క్రిప్టు తెరిచి దాన్ని తీసేయాలి. అది తెలియక నడిపినవారికి కొత్త ఆండ్రాయిడ్ వస్తుంది, పాత ఫొటోలు ఉండవు.

వీటన్నిటికీ పెద్దన్న యునిక్స్‌లోని డీడీ. మిగతా యునిక్స్ కమాండ్లకు భిన్నమైన దాని రాత తీరు ఐబీఎం మెయిన్‌ఫ్రేముల జాబ్ కంట్రోల్ భాషను గుర్తుచేస్తుంది. ఎక్కడి నుంచి అనేదానికి 'ఐఎఫ్', ఎక్కడికి అనేదానికి 'ఓఎఫ్'. కీబోర్డు మీద ఐ, ఓ అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి. రాస్‌బెర్రీ పై కార్డు మీదికి ఇమేజ్ రాయబోయి తప్పు డిస్క్ పేరు ఇస్తే, రాసే అనుమతి ఉన్నంతవరకు డీడీ మారుమాట అడగదు. దానికి డిస్క్ డిస్ట్రాయర్ అనే ముద్దుపేరు ఊరికే రాలేదు.

తెలుగులో ఈ గందరగోళానికి చోటు తక్కువ. 'చిప్‌లోకి', 'చిప్ నుంచి' అంటే చాలు, దిక్కు విభక్తిలోనే ఉంది. కమాండ్ రూపకల్పన చేసేవారు చూసుకోవాల్సిన మొదటి విషయం కూడా ఇదే. అప్, డౌన్ అనే మాటలు చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దానిమీద ఆధారపడతాయి. రాయి, చదువు అనే మాటలకు ఆ బెడద లేదు. ఫ్రెడ్రిక్ ఆల్‌బర్గ్ 2014లో మొదలుపెట్టగా ఇప్పుడు ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ చూసుకుంటున్న ఈఎస్‌పీ టూల్ ఆ దారిలోనే వెళ్లింది. అందులో కమాండ్ల పేర్లు 'రైట్-ఫ్లాష్', 'రీడ్-ఫ్లాష్', 'ఎరేజ్-ఫ్లాష్'. టైప్ చేయడానికి పొడుగే. కానీ ఆరు నెలల తర్వాత స్క్రిప్టు తెరిచినవారికి అది ఏం చేస్తుందో మాన్యువల్ లేకుండా అర్థమవుతుంది.

ఏవీఆర్‌డ్యూడ్ పూర్తి రూపంలోనూ దిక్కు కనిపిస్తుంది. పెద్ద యు తర్వాత మెమరీ పేరు, చేయాల్సిన పని, ఫైలు పేరు, ఫార్మాట్ వరుసగా వస్తాయి, మధ్యలో కోలన్లు. పని స్థానంలో రాయడానికి డబ్ల్యూ, చదవడానికి ఆర్, సరిచూడటానికి వి. నాలుగు విషయాలు ఒక్క ముక్కలో ఇమిడిపోవడం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే విండోస్‌లో డ్రైవ్ పేరు పక్కన కూడా కోలనే ఉంటుంది కదా? ఫైలు పేరులో కోలన్ ఉంటే చివరి ఫార్మాట్ భాగాన్ని తప్పనిసరిగా రాయాలని పాత వెర్షన్ల మాన్యువల్ హెచ్చరించేది. లేదంటే కోలన్ తర్వాతి ముక్కనే ఫార్మాట్ అనుకునే ప్రమాదం ఉండేది. విడదీసే గుర్తుగా ఏది ఎంచుకున్నా, అది ఫైలు పేర్లలో వస్తుందా అని ముందే చూసుకోవాల్సింది.

ఏ చిప్, ఏ చిరునామా

దిక్కు సరిగ్గా ఉన్నా, గమ్యం తప్పితే అంతే సంగతులు. ఈఎస్‌పీ టూల్‌తో రాసేటప్పుడు చిరునామా, ఫైలు జంటలుగా ఇవ్వాలి. పాత ఈఎస్‌పీ32 చిప్‌లో బూట్‌లోడర్ ఉండాల్సింది హెక్స్ లెక్కలో 1000 దగ్గర. ఎస్3, సీ3 చిప్‌లలో అది సున్నా దగ్గరే. పాత ట్యుటోరియల్ నుంచి వరుసను కాపీ చేసి కొత్త బోర్డు మీద నడిపితే రాయడం విజయవంతమైందని తెర మీద వస్తుంది, బోర్డు మాత్రం లేవదు. టూల్ చెప్పింది అబద్ధం కాదు, చెప్పిన చోట చెప్పింది రాసింది. అదృష్టవశాత్తు చిప్ లోపలి రోమ్‌లో చెరగని లోడర్ ఒకటి ఉంటుంది కాబట్టి సరైన చిరునామాతో మళ్లీ రాయొచ్చు.

ఏవీఆర్‌డ్యూడ్ ఇక్కడ ఇంకాస్త జాగ్రత్త తీసుకుంది. ఏ చిప్ అన్నది మనిషి చెప్పాలి, అది నిజమో కాదో చిప్‌లోని సంతకం చదివి టూల్ సరిచూస్తుంది. ఏటీమెగా 328పీ సంతకం 1ఈ 95 0ఎఫ్. పీ లేని 328 సంతకం 1ఈ 95 14. తేడా వస్తే పని ఆగిపోతుంది. కానీ ఆ లోపం చెప్పే సందేశంలోనే, చిప్‌ను మరోసారి చూసుకోండి, లేదా పెద్ద ఎఫ్ వాడి ఈ తనిఖీని దాటేయండి అని ఉంటుంది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఆ తలుపుకే తగిలించినట్టు. తొందరలో ఉన్నవాడు ముందు భాగం వదిలేసి రెండోదే చదువుతాడు. వదులైన వైరు వల్ల సంతకం తప్పుగా చదవబడినా ఇదే సందేశం వస్తుంది కాబట్టి, దాటేయమన్న సలహా అసలు జబ్బును కప్పేసే అవకాశమూ ఉంది.

ఫ్లాష్‌రోమ్ ఊహించడానికే నిరాకరిస్తుంది. ఏ ప్రోగ్రామర్ ద్వారా రాయాలో చెప్పకపోతే కదలదు. కనిపించిన చిప్‌కు ఒకటికంటే ఎక్కువ నిర్వచనాలు సరిపోతే తనంతట తాను ఒకటి ఎంచుకోదు, పేరు చెప్పమంటుంది. కొత్తవారికి ఇది మొండితనంలా అనిపించొచ్చు. ఆ కమాండ్ తాకబోయేది తమ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డునే అయినప్పుడు ఆ మొండితనమే కాపాడుతుంది.

వెనక్కి రాని పనులు

ఫ్లాష్ మెమరీని మళ్లీ రాయొచ్చు. ఫ్యూజులు అలా కాదు. ఏవీఆర్ చిప్‌లో రీసెట్ పిన్‌ను మామూలు పిన్‌గా మార్చే ఫ్యూజ్ పెట్టేస్తే సాధారణ ప్రోగ్రామర్‌తో ఆ చిప్‌ను మళ్లీ పలకరించలేరు. 12 వోల్టుల హై-వోల్టేజ్ ప్రోగ్రామర్ వెతుక్కోవాలి. అయినా ఏవీఆర్‌డ్యూడ్‌లో ఫ్యూజ్ రాసే వరుస, ప్రోగ్రామ్ రాసే వరుస దాదాపు ఒకేలా ఉంటాయి. మెమరీ పేరు దగ్గరే తేడా.

ఈఎస్‌పీ32లోని ఈ-ఫ్యూజులైతే ఒకసారి కాలిస్తే కాలినట్టే. ఎస్‌ప్రెసిఫ్ వీటికి టూల్‌నే వేరు చేసింది. ఆ టూల్ ఏ బిట్లు మారతాయో చూపించి, ఇది తిరిగిరాని పని అని చెప్పి, 'బర్న్' అని నాలుగు పెద్ద అక్షరాలు టైప్ చేస్తే తప్ప ముందుకు సాగదు. వై నొక్కి ఎంటర్ కొట్టే అలవాటు ఇక్కడ పనిచేయదు. ఫ్యాక్టరీ వరుసలో మనిషి కూర్చుని ప్రతి బోర్డుకూ ఆ పదం టైప్ చేయలేడు గనుక, నిర్ధారణ అడగొద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. దాని పేరు 'డూ-నాట్-కన్ఫర్మ్'. ఒక్క అక్షరంతో పిలిచే పొట్టి రూపం దానికి ఇవ్వలేదు.

2025లో ఐదో వెర్షన్‌తో ఈఎస్‌పీ టూల్ తన కమాండ్ల పేర్లలో అండర్‌స్కోర్ తీసి హైఫన్ పెట్టింది. పదేళ్లుగా ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో పేరుకుపోయిన స్క్రిప్టులన్నీ ఒక్కరోజులో ఆగిపోకుండా పాత రాతనూ ఒప్పుకుంటోంది. పని పూర్తిచేస్తూనే, ఆ రూపం త్వరలో పోతుందని ప్రతిసారీ ఓ హెచ్చరిక వేస్తుంది.