చేతి క్రింది తెర



నేడు నేను ముచ్చటింపబోవునది కంప్యూటరుపై చిత్రములు వ్రాయువారు వాడు పలకను గూర్చి. కావ్యవ్యాకరణములు చదివి, ముప్పదియైదేండ్లు సుద్దముక్కతో కాలము గడపి, విశ్రాంతి గైకొన్న పల్లె యుపాధ్యాయునకు ఈ ప్రసంగ మేలయని మీకు తోచవచ్చును. తెలియని విషయమున నేనొక సలహా యిచ్చితిని; అది తప్పని పిమ్మట తెలిసికొంటిని. అట్టి తప్పు మీరు చేయకుండుటకై యీ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మాది అనంతపురము జిల్లాలోని యాడికి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడునని లెక్క. అదియు వేళకు పడునను నమ్మకము లేదు. వేరుసెనగ యెండిన యేట మగ్గము గలవారికి మగ్గమే దిక్కు. నా పూర్వశిష్యుడొకడు పట్టుచీరలు నేయును. అతని కుమార్తె చీరల అంచులకును కొంగులకును నమూనాలు వ్రాయుట ధర్మవరములో నేర్చుకొని, ఇప్పుడు ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండి యాపని చేయుచున్నది.

కడచిన మాఘమాసమున నతడు నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, బిడ్డకు ఇప్పుడున్న పలక చాలదట. తెరయున్న పలక కావలయునట. అది కొనవలెనన్న పట్టు తెచ్చుటకు దాచిన రొక్కము తీయవలసి వచ్చును. ఏమి చేయమందురు?" అని యడిగెను. నేను క్షణమైన నాలోచింపక, "నాయనా, పలక మారినంతమాత్రమున వ్రాత మారునా? ఉన్నదానితోనే సాధన చేయుమనుము" అంటిని. అతడు తలయూచి వెడలిపోయెను.

పది దినముల పిదప నేనే వారి యింటికి పోయితిని. ఆ బాలిక పనిలో నుండెను. బల్లమీద నల్లని పలక యొకటి గలదు. దానిపై నేమియు కానరాదు. ఆమె దానిమీద కలము నడుపుచు, చూపు మాత్రము ఎదుట నిలిపిన తెరపై నుంచినది. చేయి యొకచోట, కన్ను మరియొకచోట. నన్ను చూచి లేచి, "అయ్యవారూ, మీరొకమారు శ్రీకారము వ్రాసి చూడండి" అని కలము చేతికిచ్చెను.

ఎన్ని వేలమారులు నల్లబల్లపై శ్రీకారము చుట్టితినో లెక్కలేదు. ఆ ధైర్యముతో మొదలిడితిని. పలకను చూచిన గీత లేదు. తెరను చూచిన చేయి యెటు పోవుచున్నదో తెలియలేదు. గుడిదీర్ఘము అక్షరమును విడిచి పైకి పోయెను. క్రావడి యెక్కడనో ప్రక్కన పడెను. నాకు సిగ్గు కలిగినది. "ఇట్టిదానితో మూడేండ్లు పని చేసితివా, అమ్మా?" అంటిని. "అలవాటైనది, అయ్యవారూ. కాని సన్నని వంపు వచ్చినచోట మూడుమారులు వ్రాసి రెండుమారులు తుడుచుచున్నాను" అని బదులు చెప్పెను.

ఇక విషయమునకు వత్తము. ఇట్టి పలకలు రెండు విధములు. మొదటిది తెరలేని యుత్తపలక. దానిపై కలము నడపిన, గీత కంప్యూటరు తెరమీద కనబడును. రెండవదానిని వర్తకులు పెన్ డిస్‌ప్లే యందురు. అందు పలకయే తెర. కలపుమొన ఆనినచోటనే గీత పుట్టును. కాగితముమీద వ్రాసినట్లే చేయియు చూపును ఒక్కచోట నుండును. దానిని నేను తెరపలక యనుచుందును.

తెరపై నేరుగ వ్రాయుట నిన్న మొన్నటి ఊహ కాదు. 1963వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఐవాన్ సదర్లాండను విద్వాంసుడు స్కెచ్‌ప్యాడ్ అను ఏర్పాటు కల్పించి, వెలుతురును గుర్తించు కలముతో కంప్యూటరు తెరమీదనే గీతలు గీసి చూపెను. మరుసటి యేట, అనగా 1964లో, అదే దేశమున ర్యాండు సంస్థవారు తెరలేని పలకను వెలువరించిరి. జపానులో 1983లో స్థాపింపబడిన వాకమ్ సంస్థ యీ రెండు తెగల పలకలకును పేరు గడించినది. ఇప్పుడు ఇతరులును చేయుచున్నారు.

కలము సంగతి వినుడు. ఈ పలకలలో పెక్కింటి కలములకు బ్యాటరీ యుండదు. తెర వెనుక సన్నని తీగల వల పరచియుందురు. ఆ తీగలనుండి స్వల్పమైన విద్యుదయస్కాంత శక్తి వెలువడును. కలములోని చిన్న తీగచుట్ట యా శక్తిని గ్రహించి తిరిగి బదులు పలుకును. ఒక వీణ మీటగా, అదే శ్రుతిలో నున్న వేరొక వీణ తీగ తనంతట కదలును గదా; ఇదియు నట్టిదే. ఆ బదులు వల యే భాగమున బలముగ వినబడునో లెక్కించి, కలము స్థానమును యంత్రము తెలిసికొనును. మొన నొక్కినకొలది యా శ్రుతి కొంచెము మారును. దానినిబట్టి గీత సన్నమో లావో నిర్ణయమగును. ఇప్పటి పలకలలో పెక్కు ఒత్తిడిని 8192 తరగతులుగ విభజించి గుర్తించును.

ఇచట పండితులొక యాక్షేపము చేయవచ్చును. మొదట నేనును చేసితిని. తాటియాకుపై గంటముతో వ్రాసిన మన పూర్వులకు మాత్రము గీత చక్కగ కనబడెనా? గంటము ఆకును గీరును, అంతే. మసి పూసి తుడిచిన పిమ్మటగాని యక్షరము స్పష్టపడదు. అయినను వారు గ్రంథములకు గ్రంథములు వ్రాయలేదా? వ్రాసిరి. కాని అక్షరములు పరిమితములు. వాని వంపులు చేతికి కంఠస్థములవలె నుండును. పైగా గంటపుమొన యెక్కడ నున్నదో లేఖకుని కన్ను చూచుచునే యుండెను. చిత్రమన్ననో ప్రతి తీగయు క్రొత్తది. శ్రీకాళహస్తిలో కలంకారీ వ్రాయువారిని చూడుడు. చింతబొగ్గుతో రూపురేఖ గీసి, దానిపై వెదురుకలము నడపునపుడు వారి చూపు మొనను వదలదు. అక్షరమును చేయి నడపగలదు. లతను కన్ను నడపవలెను.

మగ్గమునకు వచ్చినచో నీ భేదము ఇంకను స్పష్టమగును. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మేరీ జాకార్డు 1804 ప్రాంతమున కల్పించిన సాధనము పేరనే నేటికిని మన నేతగాండ్రు జాకార్డు అట్టల మాట చెప్పుదురు. నమూనాను గళ్లకాగితమున వ్రాసి, ఆ గళ్లనుబట్టి అట్టలకు రంధ్రములు కొట్టుదురు. పేక నడచు ప్రతిమారును ఏ పడుగుపోగు లేవవలెనో యా రంధ్రములే చెప్పును. 240 కొక్కెముల జాకార్డన్నచో అడ్డముగ 240 గళ్లు. లత వంపు ఒక్క గడి ప్రక్కకు జరిగినచో, ఆ తప్పు ఒక్కచోట నుండిపోదు. ఆరు గజముల చీరయనగా 216 అంగుళములు. నాలుగంగుళముల కొకమారు తిరిగివచ్చు నమూనాయైన 54 మారులు కనబడును. పట్టు వృథా, కూలి వృథా. ఇప్పుడు గళ్లకాగితమునకు బదులు కంప్యూటరు వచ్చినను, గడి గడియే, తప్పు తప్పే.

ఈ లెక్క వేసికొన్న పిమ్మట నేను ధర్మవరము పోయి, నమూనాలు వ్రాయువారి యింట తెరపలకమీద శ్రీకారము వ్రాసితిని. మొదటిమారే గుడిదీర్ఘము తన చోట నిలిచెను. తిరిగివచ్చి నా శిష్యుని గడపనే తొక్కి, "నాయనా, నా మాట వెనుకకు తీసికొనుచున్నాను" అని చెప్పితిని. అప్పటికే వారు పట్టు కొనియుండిరి. వైశాఖమున చీరలమ్మిన పిమ్మట, ఒకరు వాడి విడిచిన తెరపలకను తక్కువ వెలకు తెచ్చిరి. నా తొందరమాట వలన ఆ బాలికకు మూడు నెలలు వ్యర్థమైనవి.

అయినను అందరును కొనవలసినదని నా తాత్పర్యము కాదు. తెరపలక చూపును చేతికి చేర్చునేగాని విద్యను చేర్చదు. చిత్రము నేర్వగోరు పిల్లవానికి కాగితము, పెన్సిలు చాలును. పిమ్మట ఉత్తపలక, అది చవుక, దానితోనే జీవితమంతయు పని చేయు నిపుణులును గలరు. చేయి కుదిరి, పనికి కూలి వచ్చుచు, పలకయే యడ్డుగ నిలిచినవారికి తెరపలక తగును.

కొనుటకు ముందు తెలిసికొనవలసినవి కొన్ని గలవు. చాల తెరపలకలు తమంతట పని చేయవు. కంప్యూటరును విద్యుత్తును వేరుగ నుండవలెను. పై యద్దమునకును లోని చిత్రమునకును నడుమ ఎడమున్నచో, మొన యొకచోటను గీత మరియొకచోటను కనబడును; కావున స్వయముగ వ్రాసి చూచిన పిమ్మటనే వెల చెల్లింపవలెను. పలకను బల్లపై చదునుగ నుంచి వంగి వ్రాసిన మెడ పట్టును. వ్యాసపీఠమువలె వాలుగ నుంచుట మేలు. కలపుమొన యరుగును, మారుమొనలు దొరకునో లేదో విచారింపవలెను.

శ్రావణమాసమున ఆ బాలిక నన్ను పిలిపించి, తన నాయనమ్మ పెండ్లిచీర అంచును తెరపలకపై వ్రాసి చూపినది. ఆ పాతచీర మడతలవెంట చినిగి, లతలు సగము మాసియున్నవి. తెరమీద అవి కొసవరకు సాగినవి. ఆమె తండ్రి వంగి గళ్లు లెక్కించి, ఒకచోట వ్రేలుంచి, "ఇచట రెండు పోగులు తగ్గింపుము, తల్లీ, పట్టు బిగియును" అనెను. ఆమె అక్కడనే, ఆయన వ్రేలి ప్రక్కనే, దిద్దినది. మునుపటి పలకమీద నతడు వ్రేలుంచుటకు గీతయే లేకుండెను.

కనుక, పెద్దలారా, పిల్లలు తెలియని వస్తువు నడిగినపుడు వెంటనే కాదనకుడు, వెంటనే ఔననకుడు. వారు పని చేయుచుండగా ఒక పూట ప్రక్కన కూర్చుండి చూడుడు. వీలైనచో మీరును ఒకమారు వ్రాసి చూడుడు. పిమ్మట మాట చెప్పుడు.