రంగం టైపిస్టులూ, రెండు చేతులూ

మన తాతలు కూలికోసం ఓడెక్కి వెళ్ళిన "రంగం" ఊరే నేటి యాంగోన్. అక్కడి పాన్సొడాన్ వీధిలో, కోర్టుల దగ్గర, అర్జీలు టైపు చేసిపెట్టేవాళ్ళు టైపుమిషన్లు ముందేసుకుని కూర్చునేవారు. వయసు మళ్ళినా వేళ్ళు అలా ఎలా పరిగెడతాయి?

ముందు ఓ చిన్న ప్రయోగం చెయ్యండి (మేనేజరు చూడనప్పుడు). రెండు చూపుడువేళ్ళనీ కారు వైపర్లలా ఒకేవైపుకి ఊపుతూ వేగం పెంచండి. కాసేపటికి అవి మీ మాట వినవు. రెండూ ఒకేసారి లోపలికీ, ఒకేసారి బయటికీ, అద్దంలో బింబంలా ఊగుతాయి. 1980లలో స్కాట్ కెల్సో దీన్ని గమనించాడు. 1985లో హేకెన్, బుంజ్‌లతో కలిసి సమీకరణమూ రాశాడు. వయసు పెరిగినా అద్దపు కదలిక పెద్దగా చెడదు. వైపర్ల కదలికే, అదీ వేగం పెంచినప్పుడు, తడబడుతుంది. మెదడు రెండు సగాలనీ కలిపే నరాలకట్ట (కార్పస్ కలోసమ్) బలహీనపడటం ఇందుకో కారణం.

మరి టైపిస్టుల సంగతి? 1984లో తిమతీ సాల్ట్‌హౌస్ 19 నుంచి 72 ఏళ్ళ టైపిస్టుల్ని పరీక్షించాడు. పెద్దవాళ్ళ వేళ్ళు విడిగా చూస్తే నెమ్మదే. టైపింగులో మాత్రం కుర్రాళ్ళకి తీసిపోలేదు. కారణం, వాళ్ళ కళ్ళు కాగితం మీద ఇంకొన్ని అక్షరాలు ముందుకెళ్ళి చూస్తున్నాయి. అంటే ఏ చెయ్యి ఎప్పుడు పడాలో ముందే తెలిసిపోతోందన్నమాట!

ఇంతకాలం అలవాటైన ఆ వరసనే మార్చేస్తే?

బర్మీస్‌లో ఏకారం గుర్తు హల్లుకి ఎడమపక్కన వస్తుంది. టైపుమిషన్ మీద ముందు గుర్తు, తర్వాత హల్లు. జోజీ ఫాంటు కాలంలోనూ అంతే: ఎడమ చిటికెనవేలితో ఏకారం, వెంటనే కుడిచేత్తో 'క'. యూనికోడ్‌లో హల్లు ముందు, గుర్తు వెనక. 2019 అక్టోబరు 1న మయన్మార్ అధికారికంగా యూనికోడ్‌కి మారింది. కీబోర్డు కూడా ఆ వరసనే పట్టుకుంటే ఎడమ-కుడి కాస్తా కుడి-ఎడమ అవుతుంది. పాతికేళ్ళవాడికి అది వారంరోజుల విసుగు. ముందుచూపుతో నెట్టుకొస్తున్న అరవయ్యేళ్ళ చేతులకి అది ఆధారాన్నే లాగేయడం.

నిజానికి నిల్వ చేసే వరసకీ, నొక్కే వరసకీ ముడిపెట్టాల్సిన పనే లేదు. తారుమారు చెయ్యడానికి కాస్త కోడు చాలు. విండోస్‌లో బర్మీస్‌కి రెండు లేఅవుట్లూ ఉన్నాయి: ఒకటి పలికే వరసకి, ఇంకోటి కంటికి కనపడే వరసకి.