బ్రేకు పెడల్ లక్షణాలు, లోప నిర్ధారణ: కృష్ణా డెల్టా వ్యానుల విషయంలో కొన్ని పరిశీలనలు

ప్రకాశం బ్యారేజి నుంచి బయలుదేరే ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లను అనుసరించి సాగే రహదారులపై వ్యానుకు ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క పొలం ఉంటాయి. నాట్ల కాలంలో కూలీలను, కోతల కాలంలో ధాన్యపు బస్తాలను, విస్తరణ కేంద్రాల విత్తనాలను, మట్టి నమూనాలను చేరవేసేవి ఈ వ్యానులే. ఇట్టి మార్గంలో పెడల్ అడుగుకు దిగిపోయినచో డ్రైవరుకు మిగిలే వ్యవధి బహు స్వల్పం. అయినను వాహనాన్ని విజయవాడ ఆటోనగర్‌కు పంపేటపుడు మెకానిక్‌కు చెప్పే ఫిర్యాదు తరచుగా ఒక్క వాక్యమే: "బ్రేకు సరిగా పడడం లేదు."

"పైరు పసుపు రంగుకు తిరిగింది" అనే రైతు మాట వంటిదే ఇది. ముదురాకులు ముందుగా పాలిపోతే నత్రజని లోపమని, లేతాకులు పాలిపోతే గంధకమో ఇనుమో లోపించినదని శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూస్తాడు. చూడకుండా యూరియా చల్లడం ఎంత తొందరపాటో, పెడల్ దిగిన ప్రతిసారీ డబ్బాలో బ్రేక్ ఆయిల్ నింపి పంపివేయడం అంతకు మించిన తొందరపాటు. మూసివున్న ఈ వ్యవస్థలో లైనింగు అరిగేకొద్దీ మట్టం కొద్దిగా తగ్గడం సహజం. హఠాత్తుగా తగ్గితే ఎక్కడో కారుతున్నదని అర్థం.

పరీక్షను సమతలంపై, చక్రాలకు అడ్డు పెట్టి, వాహనం కదలని స్థితిలో ప్రారంభించవలెను. పెడల్ క్రింద దొర్లివచ్చిన నీళ్ల సీసా గాని, ముడుతపడిన మ్యాటు గాని ఉన్నదేమో మొదట చూడవలెను. ఇది అల్పవిషయంగా తోచవచ్చు గాని, తనిఖీలో మరచిపోయేది ఇదే. తరువాత పెడల్‌ను తొక్కి అది పాదానికి ఇచ్చే స్పర్శను గమనించాలి. స్పాంజివలె మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరినదని భావించవచ్చు. ద్రవం నొక్కుడుకు లొంగదు, గాలి లొంగుతుంది. తొలి తొక్కుడుకు లోతుగా దిగి, వెంటవెంట రెండు మూడు సార్లు తొక్కగానే పైకి వచ్చి గట్టిపడితే, వెనుక డ్రమ్ములలో షూలకు, డ్రమ్ముకు మధ్య ఎడం పెరిగినట్లు; అడ్జస్ట్‌మెంటుతో గాని, లైనింగు మార్పుతో గాని సరిపోతుంది.

అన్నిటికన్నా మోసకరమైనది మూడవ లక్షణం. పాదాన్ని ఒకే ఒత్తిడితో అర నిమిషం నిలిపి ఉంచినపుడు పెడల్ మెల్లమెల్లగా క్రిందికి జారిపోవడం. చక్రాల లోపలి వైపు తడి కనిపిస్తే వీల్ సిలిండరో, కాలిపరో, గొట్టమో కారుతున్నది. ఎక్కడా తడి లేకపోయినా, డబ్బాలో మట్టం తగ్గకపోయినా పెడల్ జారుతుంటే, మాస్టర్ సిలిండరులోని రబ్బరు కప్పులు అరిగి ద్రవం లోలోపలే వెనుకకు మళ్లుతున్నదని నిర్ధారించవచ్చు. మట్టం తగ్గుతూ బయట తడి కనిపించని సందర్భంలో మాస్టర్ సిలిండరు వెనుక నుంచి బూస్టరులోనికి కారుతున్నదేమో విప్పి చూడవలెను. కాలు గట్టిగా పడినపుడు బాగానే ఉండి, సిగ్నలు వద్ద మెల్లగా ఆపి ఉంచినపుడే జారడం ఈ లోపంలో కనిపించవచ్చు గనుక, చిన్న ప్రయాణంలో మెకానిక్‌కు అది దొరకకపోవచ్చు. డ్రైవరు మాటను ఇక్కడ కొట్టివేయరాదు.

పెడల్ రాయివలె గట్టిగా ఉండి వాహనం ఆగకపోతే అనుమానం బూస్టరుపైకి పోతుంది. ఇంజను ఆపి నాలుగైదు సార్లు తొక్కి, తొక్కిపట్టి ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. పెడల్ స్వల్పంగా క్రిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్లు. డీజిల్ వ్యానులలో శూన్యాన్ని కల్పించేది వేరొక పంపు. అనేక వాహనాలలో అది ఆల్టర్నేటరుకే అమరి ఉంటుంది. కనుక బూస్టరును మార్చకముందు ఆ పంపును, దాని గొట్టాన్ని పరీక్షించడం ఖర్చు తగ్గించే పని.

"బ్రేక్ ఆయిల్" అనే వాడుకపేరే కొంత అనర్థానికి మూలం. వ్యానులలో సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 ద్రవాలు నూనెలు కావు, గ్లైకాల్ సంబంధమైనవి. పేరును నమ్మి ఇంజను ఆయిల్ కొద్దిగా పోసినా రబ్బరు కప్పులు ఉబ్బి, బ్రేకులు విడువక చక్రాలు వేడెక్కుతాయి. ఈ ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 3 కనీస మరుగు ఉష్ణోగ్రత క్రొత్తదిగా ఉన్నపుడు 205 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ పీల్చిన స్థితిలో 140 డిగ్రీలు. డాట్ 4కు ఇవి 230, 155. డెల్టాలో ఘాట్ రోడ్డు లేదు గనుక ద్రవం మరిగే సందర్భం అరుదే. ఇక్కడ తేమ చేసే హాని సిలిండరు లోపలి త్రుప్పు రూపంలో ఉంటుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన రోజులలోనే బుడమేరు వరద నగరంలోని అనేక కాలనీలను ముంచినది. అట్లు మునిగిన వాహనం ఇంజను తిరిగి స్టార్టు అయినంత మాత్రాన రోడ్డెక్కుటకు యోగ్యం కాదు. డ్రమ్ములు విప్పి ఒండ్రు కడిగి, వీల్ సిలిండర్ల రబ్బరు తొడుగులు తీసి చూచి, ద్రవమంతా మార్చవలెను.

గాలి తీసేటపుడు వాహన పుస్తకంలోని చక్రాల క్రమాన్ని పాటించాలి. పాత వ్యానులలో మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో మొదలు పెట్టడం పరిపాటి. బరువును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని మార్చే వాల్వు ఉన్న వ్యానులో ఇరుసు వ్రేలాడునట్లు జాకీ ఎత్తితే వెనుకకు ద్రవం సరిగా పోదు, గాలి మిగిలిపోతుంది. తీసిన ద్రవాన్ని మరల డబ్బాలో పోయరాదు, కాలువలో పారబోయరాదు. పిదప ఖాళీ వాహనంతో, తక్కువ వేగంతో, కాలువ గట్టుపై గాక మైదానంలో పరీక్షించి, ద్రవం మార్చిన తేదీని లాగ్‌బుక్కులో డీజిల్ లెక్క ప్రక్కన వ్రాసి ఉంచవలెను.