హీటరు రాడ్డుకు నిరోధం తక్కువ, వేడి ఎక్కువ: ఎలా?

ప్రశ్న: తీగకున్న నిరోధం వల్లే వేడి పుడుతుందని మా పుస్తకంలో ఉంది. అలాగైతే నీళ్లు కాచే హీటరు రాడ్డుకు నిరోధం బాగా ఎక్కువ ఉండాలి కదా? లెక్క వేస్తే పాతకాలపు బల్బు కంటే తక్కువ వస్తోంది. నా లెక్క తప్పా, పుస్తకం తప్పా?

జవాబు: నీ లెక్కా ఒప్పే, పుస్తకమూ ఒప్పే. ఈ చిక్కులో చాలామంది పడతారు గానీ, పరీక్షకు సూత్రం చాలులే అని వదిలేస్తారు. నువ్వు వదల్లేదు కాబట్టి మొదటినుంచీ చూద్దాం.

తీగలో కదిలే విద్యుదావేశాన్ని కూలంబుల్లో కొలుస్తారు. సెకనుకు ఒక కూలంబు దాటిపోతుంటే ఆ ప్రవాహం ఒక ఆంపియరు. ఒక్కో కూలంబు ఎంత శక్తిని ఇచ్చి పోతుందో చెప్పేది వోల్టేజి. మన ఇళ్లలో అది 230 వోల్టులు. అంటే హీటరు గుండా పోయే ప్రతి కూలంబూ 230 జౌల్‌ల శక్తిని అక్కడ వదులుతుంది. ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, నిజమే. అయినా బ్యాటరీ నుంచి నిలకడగా వచ్చే 230 వోల్టులు ఎంత వేడి ఇస్తాయో, ఇదీ అంతే వేడి ఇచ్చేలా ఆ అంకెను నిర్ణయించారు. కనుక మన లెక్క మారదు.

ఒక కూలంబు 230 జౌల్‌లు ఇస్తే, సెకనుకు రెండు కూలంబులు పోతున్నప్పుడు 460 జౌల్‌లు వస్తాయి. సెకనుకు ఒక జౌల్ చొప్పున ఖర్చయితే దాన్ని ఒక వాటు అంటాం. అందుకే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. అదే సామర్థ్యం.

నిరోధానికి గుణకారం కాదు, భాగహారం. ఒక్కో ఆంపియరును నడపడానికి ఎన్ని వోల్టులు కావలసి వచ్చాయో చూడాలి: వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు. ఈ సంబంధాన్ని జర్మనీలో కొలోన్ నగరపు బడిలో పాఠాలు చెబుతూ ప్రయోగాలు చేసిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో పుస్తకంగా వెలువరించాడు.

ఇప్పుడు రాడ్డు మీద రాసి ఉన్నది చూడు. 1500 వాట్లు, 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు సుమారు 6.5 ఆంపియర్లు. 230ని 6.5తో భాగిస్తే నిరోధం సుమారు 35 ఓమ్‌లు. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బుకు ఇదే లెక్క వేస్తే కరెంటు 0.43 ఆంపియర్లు, నిరోధం దాదాపు 530 ఓమ్‌లు. (ఆ బల్బును విడిగా తీసి మీటరుతో కొలిస్తే 530 రాదు, అందులో పదో వంతో ఇంకా తక్కువో వస్తుంది. వెలుగుతున్నప్పటి కాకకు టంగ్‌స్టన్ నిరోధం అన్ని రెట్లు పెరుగుతుంది. రాడ్డులోని నిక్రోమ్ తీగ అంతగా మారదు.)

ఇక అసలు చిక్కు. మేడ మీది ఒకే ట్యాంకు నుంచి ఒక సన్నని కుళాయి, ఒక లావు కుళాయి దించారనుకో. బకెట్టు త్వరగా నిండేది లావు కుళాయి కిందే. అడ్డు తగ్గితే ధార పెరుగుతుంది. ఇంట్లో బల్బుకైనా రాడ్డుకైనా అందేది అదే 230 వోల్టులు. నిరోధం తక్కువున్న రాడ్డులో సెకనుకు ఎక్కువ కూలంబులు పోతాయి, ఒక్కోటీ తన 230 జౌల్‌లు వదిలే పోతుంది. అందుకే వేడి ఎక్కువ.

ఈ లెక్క పక్కాగా తెలిసేది వోల్టేజి పడిపోయినప్పుడు. 180 వోల్టులే వస్తున్నాయనుకుందాం. నిరోధం అదే 35 ఓమ్‌లు కాబట్టి కరెంటు కూడా 5.1 ఆంపియర్లకు తగ్గుతుంది. 180ని 5.1తో గుణిస్తే 918 వాట్లు. వోల్టేజి ఐదో వంతు తగ్గితే వేడి ఇంచుమించు 40 శాతం తగ్గింది! రెండూ తగ్గి, తగ్గినవే గుణించుకున్నాయి మరి. పదిహేను లీటర్ల బకెట్టు 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు రావడానికి మామూలుగా పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు చాలు. ఇప్పుడు ఇరవై ఎనిమిది దాటుతుంది. పోనీ బిల్లైనా తగ్గుతుందా అంటే, అదీ లేదు. నీళ్లకు కావలసిన శక్తి అంతే, సుమారు 0.44 యూనిట్లు. పైగా ఆలస్యమైన కొద్దీ గాలికి పోయే వేడి అదనం.

ఒక మాట. ఇదంతా రాడ్డు, ఇస్త్రీపెట్టె లాంటి వేడి చేసే వాటికే సూటిగా వర్తిస్తుంది. పొలంలో మోటారు అలా కాదు. వోల్టేజి తగ్గినా నీటి బరువు తగ్గదు కనుక అది ఎక్కువ కరెంటు లాగి, చుట్టలు కాలిపోయే దాకా తెచ్చుకుంటుంది.

మరి మీ పుస్తకం చెప్పింది ఎక్కడ నిజం? వోల్టేజి కాక, కరెంటు ఒకటే అయినచోట. జేమ్స్ జౌల్ 1840 ప్రాంతంలో నీళ్ల జాడీలో తీగచుట్ట ముంచి, కరెంటు పంపి, థర్మామీటరుతో వేడి కొలిచాడు. అంటే మన రాడ్డు పనే! కరెంటును దానితోనే గుణించి, మళ్లీ నిరోధంతో గుణిస్తే వేడి లెక్క తేలుతుందని చూపాడు. ఇప్పుడు రాడ్డు ప్లగ్గు దగ్గరికి రా. గోడలోంచి సాకెట్టు, ప్లగ్గు, వైరు, రాడ్డు అన్నిటి గుండా పోయేది అదే 6.5 ఆంపియర్లు. వైరు రాగిది, నిరోధం అత్యల్పం, కనుక పెద్దగా వేడెక్కదు. ప్లగ్గు పిన్ను సాకెట్టులో వదులై అక్కడ అర ఓమ్ నిరోధం చేరిందనుకో. 6.5ను 6.5తో గుణించి సగం చేస్తే 21 వాట్లు. రాడ్డు 1500 వాట్లను బకెట్టెడు నీళ్లు పంచుకుంటాయి. ఈ 21 వాట్లు మాత్రం గోరంత చోట పుట్టి, పోవడానికి దారి లేక ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టులో ఈ రాడ్డు పెట్టొద్దనీ, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు వాడమనీ ఎలక్ట్రీషియన్లు పట్టుబట్టేది ఇందుకే. ప్లగ్గు దగ్గర మాడు వాసన వస్తే మెయిన్ ఆపించి, సాకెట్టు మార్పించమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పు.