గాలి తుపాకి – ఎన్నిక, పోషణ, మర్యాద

రంజాన్ పండుగ వచ్చినదనగా ఉప్పుగూడ సందులలో షీర్ ఖుర్మా వాసనతో పాటు మరొక సందడి కూడ మొదలగును. ఈదీ డబ్బులు చేతబడిన పిల్లలు ప్లాస్టిక్ గుండ్లు పేల్చు బొమ్మ తుపాకులు కొని, గోడల చాటున నక్కి ఒకరిపై నొకరు గురిపెట్టుచుందురు. కొన్నేండ్ల క్రితము అట్టి గుండొకటి మా వీధిలో ఆరేండ్ల బాలుని కంటికి తగిలినది. అల్లా దయవలన చూపు దక్కినది గాని, పండుగ దినములన్నియు ఆ ఇంటివారు ఆసుపత్రి వసారాలోనే గడిపిరి. గురిపెట్టిన పిల్లవాడు నా యొద్దకు వచ్చి, "సార్, అది బొమ్మే కదా!" అని ఏడ్చినాడు. ఆనాడు వానికి నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ సమాధానమును విద్యార్థి మిత్రులకు వివరముగ తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

బొమ్మ ఎంతవరకు బొమ్మ?

ఈ బొమ్మకు పెద్దన్న వంటిది విద్యుత్ ఎయిర్‌సాఫ్ట్ రైఫిలు. సామాన్యునికి అసలు తుపాకి దుర్లభమైన జపాను దేశములో ఈ క్రీడ పుట్టినది. 1991లో టోక్యో మరుయి అను సంస్థ, మోటారు, బ్యాటరీ, పళ్ళచక్రములు లోపలనే యిమిడిన రైఫిలును విడుదల చేసిన పిదప అది అనేక దేశములకు వ్యాపించినది. మీట నొక్కగనే మోటారు తిరిగి, పళ్ళచక్రములు పిస్టనును వెనుకకు లాగును, స్ప్రింగు బిగియును. చక్రపు పళ్ళు ముగిసిన చోట పిస్టను విడివడి ముందుకు దూకి గాలిని నొక్కగా, 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు బయటికి దూసుకొనిపోవును.

జపాను ప్రభుత్వము 2006లో చట్టము సవరించి ఈ గుండు శక్తికి 0.98 జౌళ్ళ హద్దు విధించినది. ఇది స్వల్పమే యనిపించును. కాని లెక్క వేసి చూడుడు. 0.2 గ్రాముల గుండుకు ఆ శక్తి నిచ్చినచో దాని వేగము సెకనుకు సుమారు 99 మీటర్లు! చర్మముపై ఎర్రని మచ్చతో పోవు దెబ్బయే కంటిని తాకినచో చూపును హరింపగలదు. అందుచేతనే ఆ క్రీడాకారులు ముఖమునకు బిగుతుగ అమరు రక్షణ కళ్ళద్దములు లేనిదే మైదానమున అడుగుపెట్టరు.

మన దేశమున 2016 ఆయుధ నియమావళి ప్రకారము గొట్టపు వ్యాసము 4.5 మి.మీ.కు, శక్తి 20 జౌళ్ళకు మించని గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. ఎయిర్‌సాఫ్ట్ గుండు ఆ కొలతకు మించినది. పైగా దాని రూపము సైనికుల తుపాకికి అచ్చు నకలు. కనుక పోలీసు ఠాణాలో విచారింపక అట్టిదానిని తెప్పించుట తెలివి కాదు. ఆ ఉత్సాహమునకు మన నగరముననే మరొక మంచి త్రోవ కలదు. అది 10 మీటర్ల ఎయిర్ రైఫిలు క్రీడ.

మన ఊరి గురికాండ్రు

గురి చూచుట హైదరాబాదుకు కొత్త విద్య కాదు. మనకు సమీపముననే యున్న ఫలక్‌నుమా భవనములో 1911లో కన్నుమూసిన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవాడు. వేట కాలము గతించినది, క్రీడ మిగిలినది. ఎయిర్ రైఫిలు 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో చేరినది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా ఇందులో స్వర్ణము గెలిచెను. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 701.1 పాయింట్లతో కాంస్యము తెచ్చెను. మన నగరపు బాలిక ఈషా సింగ్ పదమూడేండ్లకే, 2018లో, ఎయిర్ పిస్టలు జాతీయ విజేత యయ్యెను; 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణము, మూడు రజతములు సాధించెను.

ఈ క్రీడలో ఎదుట శత్రువు లేడు. పది మీటర్ల దూరమున కాగితముపై అరమిల్లీమీటరు చుక్క యుండును. పది పాయింట్ల స్థానము అదియే. అరువది గుండ్లు పేల్చవలెను. ఊపిరి, గుండె చప్పుడు, వ్రేలి కదలిక – ఈ మూటిని అదుపున నుంచుకొన్నవాడే గెలుచును.

ఎన్నిక

మొదటి సంవత్సరము రైఫిలు కొనకుండుటయే నా సలహా. శిక్షణ కేంద్రమున నున్న దానితో నేర్చుకొని, మన శరీరమునకు ఏది తగునో తెలిసిన పిదపనే కొనవలెను.

గాలి తుపాకులు ముఖ్యముగ మూడు విధములు. మొదటిది స్ప్రింగు రైఫిలు. గొట్టమునో, మీటనో వంచి స్ప్రింగును బిగింపవలెను. చవకైనది, సుళువైనది, కాని పిస్టను కదలికచే పేలునప్పుడు కుదుపు హెచ్చు. రెండవది, ఒకే మీట పోటుతో గాలిని నిలువచేసికొనునది. కుదుపు తక్కువ, శ్రమ ఎక్కువ. మూడవది, సుమారు 200 బార్ల ఒత్తిడిలో గాలి నింపిన సిలిండరు గలది. పోటీలలో నేడు వాడుక దీనిదే. జర్మనీలోని ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్ సంస్థల రైఫిళ్ళు పేరొందినవి, ఖరీదైనవి. ప్రెసిహోల్ వంటి స్వదేశీ సంస్థల రైఫిళ్ళు కూడ లభించుచున్నవి.

కొనునప్పుడు పేరుకంటె అమరికను చూడవలెను. భుజమునకు ఆనించినపుడు మెడ వంచకయే కన్ను సూటిరంధ్రమునకు అందవలెను. చెంప ఆనుకొను చెక్క హెచ్చుతగ్గులకు కదలవలెను. పోటీ నియమము 5.5 కిలోల వరకు బరువును అనుమతించును గాని, బక్కపలుచని విద్యార్థికి అంత బరువు తగదు. పాత సరుకైనచో సిలిండరుపై ముద్రించిన గడువు తేదీని తప్పక చదువవలెను. గడువు తీరిన సిలిండరు ఎంత చవకైనను వలదు.

పోషణ

స్ప్రింగు రైఫిలును గుండు లేక పేల్చరాదు. గుండు అడ్డము లేనిచో గాలి వెంటనే తప్పించుకొనును. మెత్తని ఆనిక లేక పిస్టను కొసకు మోదుకొని సీలు చెడును. బిగించి గంటలకొలది ఉంచినచో స్ప్రింగు సత్తువ తగ్గును. గాలి గదిలో మామూలు యంత్రపు నూనె పోయరాదు. ఒత్తిడి వేడికి అది మండి పేలవచ్చును. కుదుపునకు మరలు వదులగును గనుక అప్పుడప్పుడు సరిచూడవలెను.

సిలిండరులో పొడిగాలినే నింపవలెను. ఆక్సిజను ఎన్నడును నింపరాదు; ఒత్తిడిలో అది జిడ్డును తాకినచో విస్ఫోటనము జరుగును. గొట్టమును ఇత్తడి కుంచెతో గీకక, మెత్తని ఫెల్టు ముక్కలతో తుడువవలెను. వానకాలమున చేతి చెమటయే తుప్పునకు మూలము. ఆట ముగిసిన వెంటనే పలుచగ నూనె తడిపిన గుడ్డతో ఇనుప భాగములను తుడిచి, పెట్టెను కొంతసేపు తెరచియుంచి ఆరనిచ్చిన పిదపనే మూయవలెను. గుండ్లు సీసముతో చేసినవి. ఒకసారి పేల్చిన గుండును మరల వాడరాదు, చేతులు కడుగుకొనక రొట్టె ముట్టరాదు.

మర్యాద

మహాప్రవక్త (స) విలువిద్యను ప్రోత్సహించిరి. ఆయనయే వ్రేళ్ళతో గులకరాళ్ళు రువ్వుటను వారించిరనియు, దానివలన వేట దొరకదు గాని కన్ను పోవునని కారణము తెలిపిరనియు, తోటి సోదరునివైపు ఆయుధము చూపుటను నిషేధించిరనియు హదీసులు చెప్పుచున్నవి. నేటి శిక్షణ కేంద్రముల మొదటి నియమము కూడ ఇదియే: గుండు ఉన్నను లేకున్నను, గొట్టము మనుష్యునివైపు తిరుగరాదు.

పాతబస్తీ విద్యార్థులకు మరొక మాట. రైఫిలును పెట్టెలో పెట్టి తాళము వేసి, కొనుగోలు రశీదు, శిక్షణ కేంద్రపు గుర్తింపు కార్డు వెంటనుంచుకొని మాత్రమే తీసికొనిపొండు. దానితో ఫొటోలు తీయించుకొని పదిమందికి పంపకుడు. చూచువారికి అది గాలి తుపాకియని తెలియదు. ఒక్క అపార్థముతో తలిదండ్రులు ఠాణా మెట్లు ఎక్కవలసివచ్చును.

కళాశాల సంఘము వారికి నాదొక మనవి. ఉప్పుగూడ స్టేషనులో లోకల్ రైలెక్కి, అచ్చట నుండి మరల గచ్చిబౌలి దాక పోయి గురి నేర్చుకొనుటకు మన పిల్లలకు వ్యవధియు, వ్యయమును రెండును భారమే. పది మీటర్లకు మించిన మూసిన గది యొకటి, గుండ్లను పట్టు ఇనుప పెట్టెలు, శిక్షకుడొకడు, రెండు రైఫిళ్ళు, తాళము గల బీరువా, సంతకాల రిజిస్టరు – ఇవి చాలును. సందులో గోడచాటున నక్కు బాలునికి నిలుచుటకొక స్థలము, పాటించుటకొక నియమము చూపినవారమగుదుము. "బొమ్మే కదా" యను మాటకు అంతకు మించిన సమాధానము నాకు తోచుటలేదు.